అపరాధ పరిశోధక నవలల్లో నాయిక - ఒక పరిశీలన

(బి.ఎస్సీ. తుది సంవత్సరం విద్యార్థిని)

సావనీరుకు సైన్సు విద్యార్థులు కూడా ఏదైనా రాయాలని విద్యార్థి సంఘం వారు కోరినప్పుడు, కిరణజన్య సంయోగక్రియ మీద రాయమని స్నేహితురాళ్ళు సలహా ఇచ్చారు. అది ఎలాగూ పాఠ్యపుస్తకంలో ఉంది. పరీక్షకు చదివినవాళ్ళు దాన్ని మళ్ళీ చదవరు, అప్పుడు చదవనివాళ్ళు ఇక్కడా చదవరు. అందుచేత మనలో చాలామంది రైల్లో చదివి, ఇంటికి రాగానే పరుపు కింద దాచే పుస్తకాల గురించి రాయదలచుకున్నాను. అంటే డిటెక్టివ్ నవలలు. అందులోనూ ఒకే పరిశోధకురాలు పుస్తకం తర్వాత పుస్తకంలో వరసగా కనిపించేవి.

ఈ రకం సాహిత్యాన్ని మన పెద్దలు 'కాలక్షేపం' అని తేల్చేశారు. కాలక్షేపమే, కాదనను. కానీ ఒక శవం, నలుగురు అనుమానితులు, పది ఆధారాలు మన ముందు పెట్టి, వీటిలో దేనికి దేనితో సంబంధమో చెప్పమనే పుస్తకం, మా కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఇచ్చే 'పేరు తెలియని లవణాని'కి దగ్గరి చుట్టమే. రెండింటిలోనూ ఊహించి రాస్తే మార్కులు పడవు.

ముందుగా మన తెలుగు సంగతి చూద్దాం. మా మేనమామ ఇంట్లో ఒక రేకు పెట్టె నిండా పాత పాకెట్ పుస్తకాలున్నాయి. కొన్నిటికి అట్టలు లేవు, కొన్నిటికి చివరి పేజీలు లేవు. హంతకుడు ఆ పేజీలతోనే తప్పించుకుపోయాడన్నమాట. వాటిలో ఎక్కువ భాగం కొమ్మూరి సాంబశివరావు గారివి. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు అప్పటి పాఠకులకు సొంత బంధువుల్లాంటివాళ్ళని మామయ్య అంటాడు. ఆరుద్ర అంతటి కవి కూడా అపరాధ పరిశోధక నవలలు రాశారు. ఆ తర్వాత మధుబాబు గారి షాడో వచ్చాడు. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి చంటబ్బాయ్ నవ్వించాడు, 1986లో సినిమా కూడా అయ్యాడు. అద్దె పుస్తకాల షాపుల్లో ఈ పుస్తకాల కోసం వరస కట్టేవారట. రోజుకింత అని అద్దె కట్టి, ఒక్క రాత్రిలో పూర్తిచేసి, పొద్దున్నే తిరిగి ఇచ్చేవారట.

ఆ పెట్టెలో నాకు దొరికిన పుస్తకాలన్నీ చదివాక ఒక సంగతి తోచింది. వాటిలో ఆడవాళ్ళకు కొదవలేదు. భయంతో ఫోన్ చేసేది ఆడమనిషి, చచ్చిపడి ఉండేది ఆడమనిషి, విలన్ గుహలో నవ్వేదీ ఆడమనిషే. షాడో పక్కన బిందు ఉంది. కానీ కేసు చేపట్టి, చివరి అధ్యాయంలో అందర్నీ గదిలో కూర్చోబెట్టి 'జరిగింది ఇది' అని చెప్పేది మాత్రం మగవాడే. తెరమీద మనవాళ్ళు కాస్త ముందున్నారు. 1970లోనే విజయలలిత 'రౌడీ రాణి'గా గుర్రమెక్కింది. 1990లో వచ్చిన 'కర్తవ్యం'లో పోలీసు అధికారిణిగా నటించి విజయశాంతి జాతీయ ఉత్తమ నటి అయింది. ఈటీవీ తొలి రోజుల్లో వంశీ గారి 'లేడీ డిటెక్టివ్' వచ్చే సమయానికి మా ఊళ్ళో ఉన్న రెండు మూడు టీవీల ముందు జనం గుమిగూడేవారని అమ్మ చెబుతుంది.

మరి సినిమాలో వచ్చిందిగా, చాలదా అంటారేమో. చాలదు. ఎందుకో చెబుతాను. టైట్రేషన్ చేసేటప్పుడు ఒక్క రీడింగు వస్తే దాన్ని మా మేడం ఒప్పుకోరు. వరసగా ఒకేలాంటి రీడింగులు రావాలి, అప్పుడే అది ఫలితం. ఒక్క సినిమాలో నాయిక కోపగించి, దుష్టుడిని చంపి, శుభం కార్డు వేయించుకుంటుంది. అది ఒక్క రీడింగు. సిరీస్‌లో నాయిక అలా కాదు. కేసు ముగిశాక ఇంటికి వెళ్ళాలి, అద్దె కట్టాలి, జ్వరం తెచ్చుకోవాలి, ఇరుగుపొరుగుతో మాట పడాలి, మరునాడు మళ్ళీ బయటికి రావాలి. ఆడమనిషి ఒకసారి సాహసం చేస్తే లోకం మెచ్చుకుంటుంది. అదే పని రోజూ చేస్తానంటేనే ఇబ్బంది.

ఈ ఇబ్బందిని లోకం కంటే ముందు నవల దాటింది. ఇంగ్లండులో 'ద ఫీమేల్ డిటెక్టివ్' అనే పుస్తకం 1864లో వచ్చింది. లండన్ పోలీసుల్లో స్త్రీల గస్తీ దళం ఏర్పడింది 1919లో. అంటే పుస్తకంలోని డిటెక్టివమ్మ 55 ఏళ్లు ఉద్యోగం చేశాక గాని నిజమైన ఆడమనిషికి ఆ యూనిఫాం దొరకలేదు. మన దేశంలో కిరణ్ బేడీ ఐ.పి.ఎస్.లో చేరింది 1972లో. అమెరికాలో అన్నా కాథరిన్ గ్రీన్ అనే న్యాయవాది కూతురు 1878లోనే డిటెక్టివ్ నవల రాసింది. షెర్లాక్ హోమ్స్ పుట్టింది దానికి 9 ఏళ్ల తర్వాత, 1887లో. ఆమే 1897లో అమీలియా బటర్‌వర్త్ అనే పెళ్లి కాని పెద్దావిడను పరిశోధకురాలిని చేసింది. పక్కింటి కిటికీలోంచి చూసే ఆవిడ చూపుకు నవలలో గౌరవం దక్కింది అప్పుడే.

ఆ చూపుకు రాణి అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్. 1927లో ఒక కథలో మొదట కనిపించి, 1930లో నవలకెక్కి, మొత్తం 12 నవలల్లో నడిచింది. ఆమెది సెయింట్ మేరీ మీడ్ అనే చిన్న పల్లె. తుపాకీ లేదు, కారు లేదు, చేతిలో అల్లిక సూదులు. ఎంత పెద్ద హత్య జరిగినా ఆమె అనేది ఒకటే: ఇలాంటి మనిషిని మా ఊళ్ళో చూశాను. పట్నంలో పుట్టిన పాఠకులకు ఇది చాదస్తంగా అనిపిస్తుందట. పల్లెటూరి నుంచి వచ్చిన మనకు అలా అనిపించదు.

మా నాయనమ్మ సంగతే చెబుతాను. మాది కంది పండే నేల. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక ఏడాది కల్లంలో నింపి పెట్టిన బస్తాల్లో రెండు తెల్లవారేసరికి లేవు. మగవాళ్ళంతా రోడ్డు వైపు టైరు గుర్తులు వెతికారు. బయటి దొంగలని ఒకరు, లారీవాళ్ళని ఒకరు. నాయనమ్మ ఏమీ మాట్లాడలేదు. వారం తర్వాత ఎవరింట్లోనో పసుపు కొమ్ములు అడగడానికి వెళ్ళి, అక్కడ గోడ పక్కన ఉన్న గోనెసంచి మూతి చూసింది. మా ఇంట్లో సంచి మూతి కుట్టేది ఆమే. దబ్బనం ఎటు నుంచి ఎటు పోతుందో, సుతిలి చివర ఎన్ని ముళ్ళు పడతాయో ఆమె చేతికి తెలుసు. మూతి ఒకవైపు విప్పి మళ్ళీ కుట్టారు గాని రెండోవైపు ఆమె ముడి అలాగే ఉంది. అప్పుడూ ఏమీ అనలేదు. ఆ ఇంటి కోడలితో మాత్రం, 'మా సంచులు పొరపాటున మీ బండ్లె వచ్చినట్టున్నయి బిడ్డా' అంది. ఆ రాత్రికే బస్తాలు కల్లంలోకి వచ్చాయి. పంచాయితీ లేదు, కేసు లేదు. మిస్ మార్పుల్ పేరు నాయనమ్మ వినలేదు. ఆ పుస్తకం చదువుతుంటే నాకు మాత్రం ఇంగ్లండు ఎక్కడా కనబడలేదు.

ఇందులో శాస్త్రం ఏముంది అని అడిగే మిత్రులకు ఒక మాట. పరిశీలన అంటే కళ్ళు పెద్దవి చేసుకుని చూడటం కాదు. మామూలుగా ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండటం. మామూలు తెలిసినవాళ్ళకే తేడా కనబడుతుంది. ఇంట్లో మామూలు అందరికంటే బాగా తెలిసింది ఎవరికి? చెంబు ఏ గూట్లో ఉండాలో, పొయ్యి ఎప్పుడు ఆరిపోయిందో, పాలు ఎందుకు విరిగాయో తెలిసినవాళ్ళకే. యుగంధర్‌కు సిగరెట్ బూడిద తెలుసు. అన్నం గిన్నె ఎవరు కడిగారన్నది ఆయన అడగడు. పరిశోధకురాలు ఆడదైతే మారేది బలం కాదు, ప్రశ్న.

క్రిస్టీకి ఈ ఇంటి జ్ఞానంతో పాటు మందుల జ్ఞానం కూడా ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో టార్కీ ఊళ్ళోని ఆసుపత్రిలో ఆమె మందులిచ్చే విభాగంలో పనిచేసింది. 1920లో అచ్చయిన ఆమె మొదటి నవలలో స్ట్రిక్నిన్ విషాన్ని వాడిన తీరు రసాయన శాస్త్రానికి ఎంత కట్టుబడి ఉందంటే, మందుల వృత్తివారి పత్రిక దాన్ని మెచ్చుకుంది. ఆ కిటుకు ఏమిటో ఇక్కడ చెప్పను. చదవాలనుకునేవాళ్ళ ఉసురు నాకెందుకు.

మగ డిటెక్టివ్ అడుగు పెట్టలేని గదులు కొన్ని ఉంటాయి. మనది పాత నిజాం రాజ్యం కనుక ఘోషా అంటే ఏమిటో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. సుజాతా మాసీ రాసిన పర్వీన్ మిస్త్రీ నవలలు ఆ గదిలోంచే మొదలవుతాయి. 2018లో వచ్చిన మొదటి పుస్తకంలో కాలం 1921, స్థలం బొంబాయి. ఒక ముస్లిం మిల్లు యజమాని చనిపోయాడు. అతని ముగ్గురు భార్యలు పరదాలో ఉంటారు, పరాయి మగవాడితో మాట్లాడరు. వాళ్ళు నిజంగా తెలిసే సంతకాలు పెట్టారా అన్నది తేలాలంటే లోపలికి వెళ్ళగలిగిన వకీలు కావాలి. పర్వీన్ పార్శీ యువతి, తండ్రి ఆఫీసులోనే పనిచేస్తుంది. కోర్టులో నిలబడి వాదించడానికి ఆమెను రానివ్వని రోజులవి. కోర్టు మూసేసిన తలుపే ఆమెకు జనానా తలుపు తెరిచింది. ఇది కేవలం కల్పన కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన తొలి మహిళ కార్నేలియా సొరాబ్జీ నిజంగానే పరదా స్త్రీల ఆస్తి వ్యవహారాలు చూసింది. రచయిత్రికి ఆమె జీవితమే స్ఫూర్తి.

అయితే నాకు అన్నిటికంటే దగ్గరైంది ఆఫ్రికా నుంచి వచ్చింది. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ 1998లో మొదలుపెట్టిన సిరీస్‌లో నాయిక ప్రెషస్ రామోత్స్వే. బోట్స్‌వానా దేశపు మనిషి. గనుల్లో పనిచేసి పశువులు కూడబెట్టిన తండ్రి చనిపోతూ వాటిని ఆమెకు వదిలాడు. ఆమె ఆ పశువులను అమ్మి గాబరోన్ పట్నంలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టింది. ఒక చిన్న తెల్ల వ్యాను, ఒక టైపు మిషను, ఒక టీ కెటిల్. ఇదీ పెట్టుబడి. కేసులు కూడా చిన్నవే: తప్పిపోయిన మొగుడు, తండ్రినని చెప్పుకుంటూ ఇంట్లో చేరిన మనిషి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఆ పుస్తకం కథ ఒక రాత్రి పశువుల కొట్టం దగ్గర మా నాయనకు చెప్పాను. ఆయన డిటెక్టివ్ కథలు వినే మనిషి కాదు. గడ్డి వేస్తూ అంతా విని, 'ఎడ్లమ్మి ఆఫీసు పెట్టిందా? మరి నడ్సిందా?' అన్నాడు. నడిచింది నాయనా, ఇరవైకి పైగా పుస్తకాలొచ్చినయి అన్నాను. 'అట్లయితె మంచిదే' అన్నాడు. ఇంతకంటే మంచి సాహిత్య విమర్శ నేను చదవలేదు.

అమెరికా వాళ్ళ దారి వేరు. 1977లో మార్సియా ముల్లర్ షారన్ మెకోన్‌ను తెచ్చింది. 1982లో ఒకే ఏడాది సారా పరెట్‌స్కీ, సూ గ్రాఫ్టన్ ఇద్దరూ బయల్దేరారు. పరెట్‌స్కీ నాయిక వార్షాస్కీ షికాగోలో కంపెనీల మోసాలు తవ్వుతుంది. గ్రాఫ్టన్ నాయిక కిన్సీ మిల్‌హోన్ ఇంగ్లీషు అక్షరాల వరసన పుస్తకాల్లో నడిచి, 2017లో రచయిత్రి మరణంతో చివరి అక్షరానికి ఒక్క అడుగు ముందు ఆగిపోయింది. స్త్రీలు రాసిన డిటెక్టివ్ నవలలకు పత్రికల్లో సమీక్షలు సరిగా రావడం లేదని 1986లో వాళ్ళు ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నారు.

ఇవన్నీ వరసపెట్టి చదివాక నాకొక అనుమానం మొదలైంది. కిన్సీకి తల్లిదండ్రులు లేరు, రెండుసార్లు విడాకులు. వార్షాస్కీకీ తల్లిదండ్రులు లేరు, విడాకులు. రామోత్స్వేకు తల్లి చిన్నప్పుడే పోయింది, మొదటి మొగుడు కొట్టేవాడు. 1930 నుంచి పిల్లల్ని అలరించిన నాన్సీ డ్రూకు తల్లి లేదు. బెంగాలీలో ప్రభావతీ దేవి సరస్వతి రాసిన డిటెక్టివ్ కృష్ణకు తల్లిదండ్రులు హతులయ్యారు. మిస్ మార్పుల్‌కు పెళ్ళే లేదు. అంటే నాయిక గడప దాటాలంటే రచయిత ముందుగా ఆమె కుటుంబాన్ని చంపాల్సి వస్తోంది! ఈ వరస హత్యలను మాత్రం ఏ డిటెక్టివూ పట్టించుకోలేదు. హోమ్స్‌కు అమ్మ ఉందో లేదో ఎవరూ అడగరు, అతను ఎప్పుడైనా బయటికి పోవచ్చు. అమ్మ, నాన్న, తమ్ముడు, పితకాల్సిన బర్రె, ఆరు గంటలకు ఇంకా రాలేదేమని ఫోన్ చేసే పిన్ని, ఇవన్నీ ఉన్న అమ్మాయి పరిశోధన చేయగలదా? నాకు కావలసిన జవాబు అదే. పర్వీన్‌లో కొంత దొరికింది, ఆమెకు తల్లిదండ్రులున్నారు. బెంగాలీలోనే సుచిత్రా భట్టాచార్య రాసిన మితిన్ మాసిలో ఇంకొంత దొరికింది. మితిన్‌కు మొగుడున్నాడు, కొడుకున్నాడు, వెంట తిరిగే అక్క కూతురుంది. వంట సంగతి, కేసు సంగతి ఒకే ఇంట్లో నడుస్తాయి. 2019లో సినిమా కూడా వచ్చింది.

బలమైన నాయిక పేరుతో వచ్చేవన్నీ నాకు నచ్చవని కూడా చెప్పాలి. మగ హీరోకు పేరు మార్చి, చేతికి పిస్తోలు ఇచ్చి, పది మందిని తన్నిస్తే అది నాయిక కాదు, వేషం. 1963లో లండన్ పత్రికలో బొమ్మల కథగా మొదలైన మోడెస్టీ బ్లేజ్‌ను సరదాగా చదవొచ్చు, నేనూ చదివాను, కానీ ఆమె నుంచి నేర్చుకునేది తక్కువ. ఓపిగ్గా మూడో ప్రశ్న కూడా అడిగే మనిషే నాకు బలవంతురాలు.

ఈ మూడో ప్రశ్న ఎందుకంత ముఖ్యమో మా పల్లెల్లో పుట్టినవాళ్ళకు తెలుసు. నవలల్లో విషం సయనైడు, థాలియం. మా ఇళ్ళల్లో విషం అటక మీద పురుగుమందు డబ్బా. 'కడుపునొప్పి తాళలేక పురుగుల మందు తాగి వివాహిత మృతి' అని పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్లు వస్తాయి. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ ఆ కడుపునొప్పి ఎన్నాళ్ళుగా ఉంది, ఏ డాక్టరుకు చూపించారు, ఆ డబ్బాను కిందికి దించిందెవరు అని అడిగేవాళ్ళు ఎవరు? స్నానం చేయించిన ఆడవాళ్ళకు ఒంటిమీది కమిలిన గుర్తులు కనబడతాయి. వాళ్ళను ఎవరూ అడగరు, అడగకపోతే వాళ్ళు చెప్పరు.

చట్టం అడగమనే చెబుతోంది. 1983లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించి, పెళ్లయిన 7 ఏళ్ల లోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా మరణించినా శవపరీక్షకు పంపాలనీ, మెజిస్ట్రేటు విచారణ జరగాలనీ పెట్టారు. 1986లో వరకట్న మరణం ప్రత్యేక నేరమైంది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చినా ఈ ఏర్పాట్లు కొనసాగుతున్నాయి. మండలంలో ఆ మెజిస్ట్రేటు ఎవరో తెలుసా? తహసీల్దారు. పట్టా పాసుబుక్కుల కోసం మన నాన్నలు ఎవరి ఆఫీసు ముందు కూర్చుంటారో వారే. ఆ కుర్చీలో ఎందరో స్త్రీలు పనిచేస్తున్నారు.

కాబట్టి తెలుగులో నాయిక సిరీస్ రాయదలచినవాళ్ళు షికాగో నుంచి అరువు తెచ్చుకోనక్కరలేదు. ఒక మహిళా తహసీల్దారు. ఆమెకు ఇల్లు ఉంది, అత్తగారు ఉంది, బదిలీల భయం ఉంది. భూమి రికార్డులు చేతిలో ఉంటాయి కనుక ఎవరు చస్తే ఎవరికి లాభమో అందరికంటే ముందు తెలుస్తుంది. ఇంక్వెస్టుకు పిలుపు వస్తే వెళ్ళి తీరాలి, ఆడవాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడగలదు. ఆధారాలు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబొరేటరీకి పోతాయి. అక్కడ పనిచేసే అమ్మాయి రెండో పాత్ర. ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్సు ఎమ్మెస్సీ ఉంది. నేను దానికే ఎంట్రన్సు రాయబోతున్నాను. అమ్మ ఇంకా 'శవాల చదువు ఎందుకే' అంటోంది, నాయన ఏమీ అనడం లేదు. అనకపోవడం మా ఇంట్లో సగం ఒప్పుకోవడం.

మొదటి నవలకు కథాస్థలం కూడా మన దగ్గరే ఉంది. తాండూరు చుట్టూ నాపరాయి తీసి వదిలేసిన గుంతల్లో వానాకాలం నీళ్ళు నిండుతాయి. ఒక ఉదయం అందులో ఒకామె శవం తేలుతుంది. కాలు జారి పడిందని అందరూ అంటారు. నిజంగా పడి మునిగిందా, చనిపోయాక పడేశారా? బాటనీ చదివినవాళ్ళకు డయాటంలు గుర్తుండే ఉంటాయి. సిలికా గోడలున్న ఆ సూక్ష్మ శైవలాలు నీళ్ళలో ఉంటాయి. గుండె కొట్టుకుంటూ ఉండగా మునిగితే ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి, అక్కడి నుంచి ఎముక మజ్జలోకి చేరతాయి. చనిపోయాక పడేస్తే అంత లోపలికి చేరవు. మజ్జను ఆమ్లంలో కరిగించినా వాటి గోడలు కరగవు. ఈ పరీక్షను ఎంతవరకు నమ్మాలన్నదాని మీద నిపుణుల్లో వాదాలున్నాయి, కథకు అదింకా మంచిది. కోర్టులో డిఫెన్సు వకీలు ఊరుకోడు కదా.

మన కాలేజీలో కథలు రాసేవాళ్ళు, ముఖ్యంగా తెలుగు బి.ఏ. వాళ్ళు, ఎవరైనా మొదలుపెడితే చెప్పండి. తహసీల్దారు సంగతి మీరు చూసుకోండి, డయాటంల సంగతి నేను చూసుకుంటాను.